కాకినాడ తీరానికి వచ్చి వెళ్లే సైనికులు, ఒకినావాలో ఉండిపోయిన సైనికులు

కాకినాడ సముద్రపు ఒడ్డున అమెరికా మెరీన్లు, మన సైనికులు కలిసి దిగిన విన్యాసాలు మొదటిసారి 2019 నవంబర్‌లో జరిగాయి. ‘టైగర్ ట్రయంఫ్’ అని పేరు. 2024 మార్చిలో, 2025 ఏప్రిల్‌లో మళ్లీ విశాఖ, కాకినాడల్లోనే జరిపారు. తుఫానో సునామీయో వస్తే రెండు దేశాల బలగాలు కలిసి సాయం ఎలా అందించాలన్నది వాటిలో ప్రధానాంశం. 1996 నవంబర్ తుఫాను చూసిన కోనసీమ వాళ్లకు ఆ అవసరం గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. అయినా ఆ ఫొటోలు పేపర్లో పడ్డప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు: ఇక్కడేమన్నా అమెరికా వాళ్లు బేస్ పెడుతున్నారా?

పెట్టడం లేదు. కానీ అడగకూడని ప్రశ్నేం కాదది. జపాన్, దక్షిణ కొరియా, ఫిలిప్పీన్స్, ఇరాక్, నైజర్, మాల్దీవులు... వీటన్నిటిలోనూ ‘పరాయి సైన్యం వెళ్లిపోవాలి’ అంటూ జనం రోడ్డెక్కారు. టీవీలో పది సెకన్లు చూస్తే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. కాస్త వివరంలోకి వెళితే ఒక్కో చోట తగాదా ఒక్కో రకం. ఒకచోట భూమి, ఇంకోచోట కోర్టు, మరోచోట ఎన్నికల్లో ఎవరి మాట చెల్లాలన్నది. ఇన్ని తేడాల్లోనూ నాకు కొట్టొచ్చినట్టు కనబడేది ఒకటుంది. నినాదం విదేశీ సైన్యం మీద. జనానికి అడ్డంగా నిలబడే పోలీసులు మాత్రం దాదాపు ప్రతిచోటా సొంత దేశం వాళ్లే.

విన్యాసం, ఒప్పందం, మకాం, స్థావరం

విదేశీ సైనికుల రాకలో నాలుగు రకాలు ఉన్నాయి. వాటిని కలిపేస్తే చర్చంతా గజిబిజి అవుతుంది.

కాకినాడలో జరిగింది సంయుక్త విన్యాసం. కొద్ది రోజులు వస్తారు, మన వాళ్లతో కలిసి సాధన చేస్తారు, వెళ్లిపోతారు. రెండోది సరఫరా ఒప్పందం. 2016 ఆగస్టులో భారత్, అమెరికా సంతకం చేసిన ‘లెమోవా’ ఈ కోవలోది. ఒకరి నౌకలు, విమానాలు ఇంకొకరి దగ్గర ఆగి ఆయిలు, తిండి సామాను, రిపేర్లు తీసుకోవచ్చు. బిల్లు తర్వాత చెల్లిస్తారు. ఇక్కడ స్థావరం పెట్టుకునే హక్కు అందులో లేదు. మూడోది వంతులవారీ మకాం. ఫిలిప్పీన్స్‌లో ఇప్పుడున్నది ఇదే: శిబిరం ఫిలిప్పీన్స్ సైన్యానిది, అమెరికా వాళ్లు అందులో గోదాములు కట్టుకుంటారు, దళాలు వస్తూ పోతూ ఉంటాయి. చివరిది శాశ్వత స్థావరం. కంచె, రన్‌వే, కుటుంబాలకు క్వార్టర్లు, పిల్లలకు బళ్లు, లోపల వాళ్ల పోలీసులే.

మొదటిదాన్ని ఒప్పుకుంటే నాలుగోదాకా వెళ్లక తప్పదని మన వామపక్షాలు వాదిస్తాయి. 2007 సెప్టెంబర్‌లో బంగాళాఖాతంలో అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా, సింగపూర్ నౌకలతో కలిసి మలబార్ విన్యాసాలు జరిగినప్పుడు చెన్నై నుంచి ఒక జాతా, కోల్‌కతా నుంచి ఒక జాతా బయల్దేరి విశాఖలో కలిశాయి. ప్రభుత్వాల వాదన వేరు. హిందూ మహాసముద్రంలో చైనా నౌకల రాకపోకలు పెరుగుతున్నప్పుడు నలుగురితో కలిసి సాధన చేయకుండా ఎలా, ఎవరికీ స్థావరం ఇవ్వలేదు కదా అంటాయి. ఇప్పటిదాకా జరిగిన దాన్ని బట్టి చూస్తే రెండో వాదనకే బలం ఎక్కువ. అయితే ఇలాంటి ఒప్పందాలకు మన దేశంలో పార్లమెంటు ఆమోదం తప్పనిసరి కాదు. అడగకుండా సంతకం పెట్టడమన్న ఆ అభ్యంతరానికి మాత్రం ఇంకా జవాబు రాలేదు.

సైన్యం జీతాలకు సర్కారులు రాసిచ్చిన కథ

పరాయి సైన్యం ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందన్నది గోదావరి డెల్టాకు చాలా పాత సంగతి. 1753 నాటికి హైదరాబాద్ గద్దె మీద ఉన్న సలాబత్ జంగ్‌కు ఫ్రెంచి సేనాని బుస్సీ దళాలే దిక్కు. ఆ దళాలకు జీతాలివ్వడానికి ఖజానాలో డబ్బు చాల్లేదు. దాంతో ముస్తఫానగర్, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కారుల (అప్పట్లో జిల్లాల లాంటివి) రాబడిని బుస్సీకి రాసిచ్చేశారు. అంటే డెల్టాలో రైతు కట్టిన శిస్తు ఎక్కడో దక్కన్‌లో తిరిగే ఫ్రెంచి పటాలానికి జీతం అయింది.

1758 డిసెంబర్‌లో పిఠాపురం దగ్గరి చందుర్తిలో ఇంగ్లిషు కల్నల్ ఫోర్డ్, విజయనగరం ఆనందరాజు కలిసి ఫ్రెంచి వాళ్లను ఓడించారు. ఫ్రెంచి వాళ్లు పోయారని ఊపిరి పీల్చుకునే లోపే 1766లో నిజాం ఇవే సర్కారులను ఏడాదికి 9 లక్షల రూపాయల కప్పానికి, అవసరమైనప్పుడు సైనిక సాయానికి ఈస్టిండియా కంపెనీకి వదిలేశాడు. ఇదే ఏర్పాటును వెల్లస్లీ 1798లో నిజాంతో మరింత గట్టిగా బిగించాడు. స్కూల్లో ‘సైన్య సహకార పద్ధతి’ అని మనమంతా బట్టీ పట్టింది దాన్నే. రక్షణ మాది, ఖర్చు మీది, ఇంకెవరితోనూ మీరు సొంతంగా మాట్లాడకూడదు: అదీ షరతు.

ఇప్పటి ఒప్పందాలను దీంతో నేరుగా పోల్చేయడం తొందరపాటు. అమెరికా సైనికుల కోసం జపాన్ 2022 నుంచి ఐదేళ్లకు సుమారు 1.05 లక్షల కోట్ల యెన్లు ఇస్తానని ఒప్పుకుంది. అది జపాన్ ఎన్నికైన పార్లమెంటు ఆమోదించిన డబ్బు. బదులుగా ఏ జిల్లా శిస్తూ రాసివ్వలేదు. సొంతంగా అంత సైన్యాన్ని పోషించడం కన్నా ఇదే చవక అనే జపానీయులు బోలెడు మంది. కాకపోతే భారం దేశమంతా సమానంగా మోయదు. ఏ జిల్లాలో కంచె ఉంటే ఆ జిల్లాయే మోస్తుంది. ఉద్యమాలు అక్కడే పుడతాయి.

నేరం ఇక్కడ, కోర్టు ఎవరిది?

1929లో శారదా చట్టం వచ్చాక గోదావరి జిల్లాల్లో బాల్య వివాహాలు చేయించాలనుకున్న కుటుంబాలు పెళ్లి సంబరమంతా వెంటబెట్టుకుని యానాం వెళ్లేవి. అక్కడ ఫ్రెంచి పాలన. బ్రిటిష్ ఇండియా చట్టం చెల్లదు. (ఇప్పటికీ పుదుచ్చేరి పన్నుల పుణ్యమా అని మందు కోసం ఆ దారి పట్టేవాళ్లున్నారు, అది వేరే సంగతి.) నాలుగు అడుగులు వేస్తే చట్టం మారిపోవడం అంటే ఏమిటో డెల్టా వాళ్లకు అనుభవమే. విదేశీ స్థావరాల దగ్గర జరిగేదీ అలాంటిదే, కాకపోతే అక్కడ హద్దు నేల మీద మాత్రమే ఉండదు. సైనికుడితో పాటు ఊళ్లోకీ నడిచొస్తుంది.

ఆ హద్దును రాసుకునే కాగితం పేరు స్టేటస్ ఆఫ్ ఫోర్సెస్ అగ్రిమెంట్, పొట్టిగా ‘సోఫా’. విదేశీ సైనికుడు తప్పు చేస్తే విచారించే హక్కు ముందు ఎవరిదన్నది అందులో ఉంటుంది. జపాన్‌తో ఉన్న ఒప్పందాన్ని ఉదాహరణగా తీసుకుందాం. ఒక అమెరికా సైనికుడు డ్యూటీలో ట్రక్కు నడుపుతూ సైకిల్ మీద వెళ్లే మనిషిని గుద్దాడు. విచారించే మొదటి హక్కు అమెరికా సైన్యానిది. అదే సైనికుడు ఆదివారం సొంత కారులో వెళ్తూ అదే మనిషిని గుద్దితే జపాన్ కోర్టుది. దెబ్బ అదే, మనిషి అదే. మరి డ్యూటీలో ఉన్నాడా లేడా అని చెప్పేదెవరు? మొదట ధ్రువపత్రం ఇచ్చేది అతని పై అధికారే.

దక్షిణ కొరియాలో 2002 జూన్ 13న యాంగ్జు దగ్గర అమెరికా సాయుధ వాహనం కింద పడి ఇద్దరు బడి పిల్లలు చనిపోయారు. డ్యూటీలో జరిగింది కాబట్టి విచారణ అమెరికా సైనిక కోర్టులో సాగింది. నవంబర్‌లో ఇద్దరు సైనికులూ నిర్దోషులుగా బయటపడ్డారు. ఆ నెలాఖరు నుంచి సియోల్ వీధుల్లో వేలమంది కొవ్వొత్తులతో నిలబడ్డారు. వాళ్లలో చాలామంది అమెరికా సైన్యం వెళ్లిపోవాలని అడగలేదు. సోఫాను మార్చమన్నారు, క్షమాపణ చెప్పమన్నారు. ఈ తేడా బయటి వార్తల్లో పెద్దగా కనబడలేదు. ‘అమెరికా వ్యతిరేక ఆందోళన’ అని ఒకే ముద్ర వేసేశారు.

జపాన్‌కు చెందిన ఒకినావా దీవిలో ఇంకా ఘోరం జరిగింది. 1995 సెప్టెంబర్‌లో ముగ్గురు అమెరికా సైనికులు 12 ఏళ్ల బాలికను ఎత్తుకెళ్లి అత్యాచారం చేశారు. డ్యూటీలో లేరు కాబట్టి కేసు జపాన్‌దే. అయినా నిందితులు స్థావరం లోపల ఉన్నారు. అభియోగపత్రం దాఖలయ్యేదాకా వాళ్లను అప్పగించనక్కర్లేదని సోఫాలో ఉంది. అక్టోబర్ 21న గినోవాన్‌లో జరిగిన సభకు 85,000 మంది వచ్చారని నిర్వాహకులు లెక్క చెప్పారు. ఆ తర్వాత హత్య, అత్యాచారం కేసుల్లో ముందే అప్పగించే విషయాన్ని ‘సానుకూలంగా పరిశీలిస్తామని’ అమెరికా ఒప్పుకుంది. అంటే పరిశీలించే అధికారం ఇంకా వాళ్ల చేతిలోనే ఉంది.

వరి పండించడమే నిరసన అయిన ఊరు

2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించి పొలాలు బీడు పెట్టారు. గిట్టుబాటు కాని సాగు చేయబోమన్నదే వాళ్ల నిరసన. దానికి సరిగ్గా ఎదురు దారిలో నిరసన తెలిపిన ఊరు దక్షిణ కొరియాలో ఉండేది. పేరు దేచురి, ప్యాంగ్‌టేక్ నగరం అంచున. ‘ఈ ఏడాదీ సాగు చేద్దాం’ అన్నదే అక్కడి రైతుల నినాదం.

ఆ ఊరి వాళ్లకు నిర్వాసితులు కావడం అలవాటైపోయింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జపాన్ సైన్యం వైమానిక క్షేత్రం కోసం లేపేసింది. 1952లో కొరియా యుద్ధం మధ్యలో అమెరికా సైన్యం అదే క్షేత్రాన్ని పెంచుతూ మళ్లీ లేపేసింది. పక్కనే ఉన్న ఉప్పు నేలకు కట్ట పోసి, ఏళ్ల తరబడి చవుడు కడిగి, దాన్ని వరి పొలం చేసుకున్నారు. సముద్రపు ఒడ్డున చవుడు భూమిని మాగాణి చేయడం ఎంత చాకిరీయో అంతర్వేది, భైరవపాలెం వైపు రైతులకు వేరే చెప్పాలా?

2004లో కొరియా, అమెరికా ఒప్పందం ప్రకారం ఆ పక్కనున్న క్యాంప్ హంఫ్రీస్‌ను విస్తరించాలని నిర్ణయించారు. రెండు వేలకు పైగా ఎకరాలు కావాలి. పరిహారం ఇస్తామన్నారు, చాలామంది తీసుకుని వెళ్లారు కూడా. మిగిలిన వాళ్లు ప్రతి రాత్రీ కొవ్వొత్తులు వెలిగించి కూర్చున్నారు, పగలు దుక్కి దున్నారు. 2006 ఏప్రిల్‌లో అధికారులు పొలాలకు నీళ్లు రాకుండా పంటకాలువలను కాంక్రీటుతో పూడ్చారు. మే 4న పదివేలకు పైగా పోలీసులు, సైనికులు వచ్చి ఊరి బడిని కూల్చి, పొలాల చుట్టూ ముళ్లకంచె వేశారు. వచ్చినవాళ్లంతా కొరియన్లే. మరుసటి ఏడాది వసంతానికి చివరి కుటుంబాలు ఊరు ఖాళీ చేశాయి.

అసలు చిక్కు ఇప్పుడు చెప్తాను. దేచురి భూములు తీసుకున్నది దేనికి? సియోల్ నడిబొడ్డున యోంగ్సాన్‌లో ఉన్న అమెరికా ప్రధాన స్థావరాన్ని ఖాళీ చేయించి ఇక్కడికి మార్చడానికి. రాజధాని మధ్యలో పరాయి సైన్యం ఏమిటని సియోల్ వాసులు ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నారు. ఆ కోరిక తీర్చడానికి కదిలిన అధ్యక్షుడు రో మూ-హ్యున్, 2002 కొవ్వొత్తుల ప్రదర్శనల వేడిలోనే గెలిచిన మనిషి. సియోల్ గెలుపుకు మూల్యం దేచురి చెల్లించింది. ప్రభుత్వం వైపు నుంచి చూస్తే ఉత్తర కొరియా గంట ప్రయాణంలో ఉంది, సైన్యాన్ని పొమ్మనలేదు, ఎక్కడో ఒకచోట పెట్టాలి. ఆ లెక్క తప్పని తేల్చడం కష్టం. ఆ ‘ఎక్కడో ఒకచోటు’ ఎప్పుడూ రైతు పొలమే ఎందుకవుతుందన్నదానికి మాత్రం ఆ లెక్కలో జవాబు ఉండదు.

దేశం ఓటు ఒకటి, దీవి ఓటు ఒకటి

జపాన్ భూభాగంలో ఒకినావా వాటా 0.6 శాతం. జపాన్‌లో అమెరికా సైన్యం ప్రత్యేకంగా వాడుకునే స్థలాల్లో దాదాపు 70 శాతం అక్కడే ఉన్నాయి. 1945 యుద్ధంలో దీవి జనాభాలో సుమారు నాలుగో వంతు చనిపోయారు. ఆపైన 27 ఏళ్లు నేరుగా అమెరికా ఏలుబడి. 1972 మే 15న తిరిగి జపాన్‌లో కలిసింది, స్థావరాలు అలాగే ఉండిపోయాయి.

గినోవాన్ ఊరి మధ్యలో ఫుటెన్మా వైమానిక స్థావరం ఉంది. 2004 ఆగస్టులో అక్కడి హెలికాప్టర్ ఒకటి పక్కనున్న విశ్వవిద్యాలయ భవనానికి గుద్దుకుని కూలింది. వెంటనే అమెరికా సైనికులు చుట్టూ తాడు కట్టి, జపాన్ పోలీసులను కూడా లోపలికి రానివ్వలేదు. 2017 డిసెంబర్ 13న స్థావరాన్ని ఆనుకుని ఉన్న ప్రాథమిక పాఠశాల మైదానంలో పిల్లలు ఆడుకుంటుండగా హెలికాప్టర్ కిటికీ ఊడి పడింది. బరువు 7.7 కిలోలు. ఆ తర్వాత కొన్ని నెలల పాటు విమానం దగ్గరికొస్తే చాలు, ‘పరుగెత్తండి’ అని మైకులో వినిపించేది. పిల్లలు ఆట వదిలేసి చూరు కిందికి పరుగు తీసేవాళ్లు. స్థావరం పక్కన బతుకు ఎలా ఉంటుందని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఈ బడి గురించే.

ఫుటెన్మాను ఐదు నుంచి ఏడేళ్లలో తిరిగి ఇచ్చేస్తామని 1996లో ప్రకటించారు. షరతు: బదులుగా అదే దీవిలో హెనోకో దగ్గర సముద్రాన్ని పూడ్చి కొత్తది కట్టాలి. 2019 ఫిబ్రవరి 24న ఒకినావా వాసులు దీనిపై ఓటేశారు. సుమారు 72 శాతం వద్దన్నారు. దానికి చట్టబద్ధత లేదని టోక్యో పూడిక ఆపలేదు. మీరేమనుకున్నా రక్షణ, విదేశాంగం కేంద్రం చేతిలోవి అన్నది అక్కడి కేంద్రం మాట. ఈక్వడార్‌లో దీనికి భిన్నంగా 2008 రాజ్యాంగంలోనే విదేశీ స్థావరాలను నిషేధించారు. 2025 నవంబర్‌లో ఆ నిషేధం ఎత్తేయాలని అధ్యక్షుడు రెఫరెండం పెడితే జనం ఓడించారు.

ఒకినావా అంతా ఒక్క మాట మీద ఉందనుకుంటే పొరపాటే. హెనోకో ఉన్న నాగో పట్టణం 2018లోనూ 2022లోనూ టోక్యో పాలక పార్టీ బలపరిచిన మేయర్‌నే గెలిపించింది. స్థావరాల కింద భూమి ఉన్నవాళ్లకు ఏటా అద్దె వస్తుంది. 2019 ఓటింగ్‌కు సగానికి కాస్త ఎక్కువ మందే వచ్చారు. స్థావరాలు పోతే తిండి ఎలా అనే వాదన మాత్రం పాతబడింది. 1972లో ఒకినావా ఆదాయంలో వాటి వాటా సుమారు 15 శాతం. ఇప్పుడు 5-6 శాతం.

పంపించేశాక ఏమైంది: ఫిలిప్పీన్స్

ఫిలిప్పీన్స్‌లోని అమెరికా స్థావరాలు సుబిక్ బే, క్లార్క్‌ల ఒప్పందం 1991తో ముగియాలి. మార్కోస్ నియంతృత్వాన్ని అమెరికా మోసిందన్న కోపం జనంలో ఉంది. 1987 రాజ్యాంగం ప్రకారం గడువు తర్వాత స్థావరాలు కొనసాగాలంటే సెనేట్ ఆమోదించాలి. మార్కోస్‌ను దించిన ప్రజా ఉద్యమానికి ముఖచిత్రమైన అధ్యక్షురాలు కొరజాన్ అకినో, స్థావరాలు ఉండాలంటూ తానే ఊరేగింపు నడిపారు. 1991 సెప్టెంబర్ 16న సెనేట్ 12-11 ఓట్లతో కొత్త ఒప్పందాన్ని తిరస్కరించింది. అప్పటికి మూడు నెలల ముందే పినటూబో అగ్నిపర్వతం పేలి క్లార్క్ బూడిదలో కూరుకుపోయింది. మరుసటి ఏడాది నవంబర్‌లో సుబిక్ నుంచి అమెరికా జెండా దిగింది.

ఇంత స్పష్టంగా గెలిచిన ఉద్యమాలు తక్కువ. ఆ తర్వాత 1995లో, దక్షిణ చైనా సముద్రంలో ఫిలిప్పీన్స్ తనదనే మిస్చీఫ్ రీఫ్ అనే పగడపు దిబ్బ మీద చైనా కట్టడాలు వెలిశాయి. 1998లో అమెరికా దళాల రాకపోకలకు కొత్త ఒప్పందం మీద సంతకాలయ్యాయి, 2014లో ఇంకొకటి, 2023కు అమెరికా దళాలకు అందుబాటులో ఉన్న శిబిరాలు తొమ్మిది. సైన్యం పోయింది కాబట్టే చైనా వచ్చిందని ఒక వర్గం అంటుంది. అమెరికా ఉన్నా పగడపు దిబ్బల కోసం యుద్ధానికి వచ్చేది కాదు, పైగా ఇప్పుడు మమ్మల్ని వాళ్ల తగాదాలోకి లాగుతున్నారని ఇంకో వర్గం అంటుంది. వెనక్కి వెళ్లి వేరేలా జరిపి చూసే వీలు చరిత్రకు లేదు కాబట్టి ఈ వాదన తెగదు.

సైనికులు లేని పెత్తనం

1814 ఒప్పందం ప్రకారం భారత్‌లోని ఫ్రెంచి స్థావరాల్లో కోటలు కట్టకూడదు, శాంతిభద్రతలకు సరిపడా బలగమే ఉండాలి. కాబట్టి 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య తదితరుల నాయకత్వంలో యానాంలో ఫ్రెంచి పాలన కూలినప్పుడు అక్కడ చెప్పుకోదగ్గ సైన్యమే లేదు. ఉన్నది పాలన, పింఛన్లు, పదవులు. ఫ్రాన్స్ వైపు మొగ్గిన స్థానికులూ ఉన్నారు. చుట్టూ భారత్ బిగించిన కస్టమ్స్ కట్టుబాట్లే వాళ్లకు పరాయి ఒత్తిడిగా తోచాయి. అదే ఏడాది అక్టోబర్ 18న కీళూరులో ఓటు వేసిన 178 మంది ప్రతినిధుల్లో 170 మంది విలీనానికి సై అన్నారు, 8 మంది కాదన్నారు.

ఇరాక్‌లో 2019 అక్టోబర్ ఉద్యమం ఇలా సొంత సైన్యం దింపకుండా సాగే పెత్తనం మీదే. అమెరికా దళాలు దేశంలో ఉండగానే, యువకులు ‘ఇరాన్ బయటికి’ అని అరిచారు. వాళ్ల కోపం ఇరాన్ అండ ఉన్న పార్టీల మీద, సాయుధ ముఠాల మీద. నవంబర్‌లో నజఫ్‌లోని ఇరాన్ కాన్సులేట్‌కు నిప్పు పెట్టారు. 2020 జనవరి 3న బాగ్దాద్‌లో అమెరికా డ్రోన్ ఇరాన్ జనరల్ సులేమానీని చంపింది. రెండు రోజులకే అమెరికా దళాలు వెళ్లాలని పార్లమెంటు తీర్మానించింది, జనవరి 24న షియా మత నాయకుడు ముక్తదా అల్ సద్ర్ పిలుపుతో భారీ ఊరేగింపు జరిగింది. రెండూ ‘విదేశీ జోక్యం’ వ్యతిరేక ఉద్యమాలే. ఒకరి వేలు ఇరాన్ వైపు, ఇంకొకరి వేలు అమెరికా వైపు.

ఆఫ్రికాలోని సాహెల్‌లో ఈ చక్రం మరీ వేగంగా తిరిగింది. 2013లో జిహాదీలను తరిమిన ఫ్రెంచి సైన్యాన్ని మాలిలోని టింబక్టూ జనం జేజేలతో స్వాగతించారు. ఎనిమిదేళ్లు గడిచినా దాడులు తగ్గలేదు, పెరిగాయి. 2021 నవంబర్‌లో పక్క దేశం బుర్కినాఫాసోలోని కాయా ఊరి వాళ్లు ఫ్రెంచి కాన్వాయ్‌ని రోజుల తరబడి కదలనివ్వలేదు. 2022లో మాలి నుంచి, 2023లో బుర్కినాఫాసో, నైజర్‌ల నుంచి ఫ్రెంచి దళాలు వెళ్లిపోయాయి. పొమ్మన్నది కుట్రతో గద్దెనెక్కిన సైనిక పాలకులు. వాళ్ల వెనక నిజంగా జనమూ ఉన్నారు, కొన్ని ఊరేగింపుల్లో రష్యా జెండాలూ ఉన్నాయి. ఖాళీ అయిన చోటికి రష్యా వాళ్లు వచ్చారు.

ఉద్యమం పుట్టని చోట్లు

డెల్టా నుంచి కువైట్, బహ్రెయిన్, ఖతార్ వెళ్లిన కుటుంబాలకు అమెరికా స్థావరాలు పుస్తకాల్లో చదివే సంగతి కాదు. బహ్రెయిన్‌లో ఐదో నౌకాదళం కేంద్రం ఉన్నది మనామా ఊళ్లోనే. 2025 జూన్ 23న ఖతార్‌లోని అల్ ఉదెయిద్ స్థావరం మీద ఇరాన్ క్షిపణులు వేసిన రాత్రి ఇక్కడి ఇళ్లలోనూ టెన్షనే. అయినా కువైట్‌లో ఒకినావా లాంటి ఉద్యమం లేదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం రాత్రికి రాత్రే దేశాన్ని మింగేసింది, సుమారు 1.7 లక్షల మంది భారతీయులను వెనక్కి తీసుకురావాల్సి వచ్చింది. అమెరికా కూటమి వస్తేగానీ దేశం తిరిగి దక్కలేదు. ఆ జ్ఞాపకం ముందు స్థావరం మీద ఫిర్యాదు చిన్నబోతుంది. ఇంకో కారణం, అక్కడి జనాభాలో ఎక్కువ మంది మనలాంటి వలస వాళ్లే. వీసా మీద బతికేవాడు ప్లకార్డు పట్టుకోడు.

హిందూ మహాసముద్రంలోని ఛాగోస్ దీవుల్లో ఒకటైన డియెగో గార్సియాలో అయితే నిరసన తెలపడానికి మనుషులే లేకుండా చేశారు. 1968-73 మధ్య బ్రిటన్ ఛాగోస్ దీవుల వాసులందరినీ మారిషస్, సీషెల్స్‌కు తరలించి, అమెరికా స్థావరానికి చోటిచ్చింది.

మనమే పరాయి సైన్యం అయినప్పుడు

1987 జులైలో రాజీవ్ గాంధీ, జయవర్ధనే ఒప్పందంతో భారత శాంతి దళం శ్రీలంక వెళ్లింది. తమిళులకు న్యాయం జరిపించడానికి వెళ్తున్నామన్నది మన మాట. దక్షిణ శ్రీలంకలో జేవీపీ అనే వామపక్ష పార్టీ దాన్ని భారత దురాక్రమణ అంది. భారత వస్తువులు అమ్మొద్దని దుకాణాలను బెదిరించింది, ఆయుధాలు పట్టింది. ఉత్తరాన ఎల్టీటీఈతో యుద్ధం. దాదాపు 1,200 మంది మన సైనికులు చనిపోయాక, స్వయంగా శ్రీలంక అధ్యక్షుడు ప్రేమదాస పొమ్మన్నాక, 1990 మార్చిలో దళం వెనక్కి వచ్చింది.

మాల్దీవుల్లో ఉండేది దాదాపు 80 మంది మన సైనికులే, రెండు హెలికాప్టర్లు, ఒక డోర్నియర్ విమానం నడపడానికి. దూరపు దీవుల నుంచి రోగులను మాలే ఆసుపత్రికి చేర్చడం వాళ్ల పనుల్లో ఒకటి. మన వైపు నుంచి చూస్తే ఇది సాయం. ‘ఇండియా ఔట్’ అని ఎర్ర టీషర్టులు వేసుకున్న వాళ్లు అడిగింది మాత్రం ఇది: ఒప్పందంలో ఏముందో ఎందుకు దాస్తున్నారు? 2022 ఏప్రిల్‌లో అప్పటి అధ్యక్షుడు సోలి ఆ ప్రచారాన్ని నిషేధించారు. మరుసటి ఏడాది ఎన్నికల్లో ఓడిపోయారు. కొత్త అధ్యక్షుడు ముయిజ్జు పట్టుబట్టడంతో 2024 మే 10 నాటికి మన సైనికులు వచ్చేశారు. వాళ్ల స్థానంలో భారత్ నుంచే పౌర సాంకేతిక సిబ్బంది వెళ్లారు. హెలికాప్టర్లు అవే.

శ్రీలంకలో ఆనాటి జేవీపీకి ఇప్పటి నాయకుడు అనుర కుమార దిసనాయకే 2024 సెప్టెంబర్‌లో దేశాధ్యక్షుడయ్యారు. మొదటి విదేశీ పర్యటనకు ఢిల్లీ వచ్చారు. 2025 ఏప్రిల్‌లో ఆయన ప్రభుత్వమే భారత్‌తో రక్షణ సహకార ఒప్పందం కుదుర్చుకుంది. అందులో ఏం రాసుకున్నారో బయటపెట్టమని ఇప్పుడు అడుగుతున్నది అక్కడి ప్రతిపక్షాలు.